వడదెబ్బ తగ్గింది, మరి పనికెప్పుడు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రెంటచింతల దగ్గర పల్లె. మా నాన్నకి 58 ఏళ్లు. కల్లంలో మిరప టిక్కీలు (బస్తాలు) లారీకెత్తుతూ ఎండకి పడిపోయారు, పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడారు. ఆస్పత్రిలో ఉంచి వడదెబ్బ అని చెప్పి నిన్న ఇంటికి పంపించారు. సోమవారం నుంచి పనికెళ్తానంటున్నారు. బీపీ బిళ్ల వాడతారు. ఏం చెయ్యాలి?

జవాబు: సోమవారం వద్దమ్మా, నువ్వు కాస్త గట్టిగానే చెప్పు. మాట తేడాగా వచ్చిందంటే వేడి మెదడు మీద పనిచేసిందన్నమాట, అలాంటోళ్లకి ఒంట్లో వేడిని అదుపు చేసే శక్తి కొన్ని వారాలదాకా కుదురుకోకపోవచ్చు, పైకి బాగానే ఉంటారు, మళ్లీ ఎండలోకెళ్తే మొదటిసారి కన్నా త్వరగా పడిపోతారు. కనీసం వారం పూర్తి రెస్ట్, తర్వాత రక్తపరీక్షలో కిడ్నీ, లివర్ బావున్నాయని తేలాక పొద్దున్నే చల్లపూట చిన్న పనులు. టిక్కీలు మోయడం మాత్రం డాక్టర్ సరే అనేదాకా లేదు.

బీపీ బిళ్లల్లో కొన్నిటికి ఒంట్లో నీరు లాగేసే మందు కలిసుంటుంది, కాబట్టి స్ట్రిప్ తీసుకెళ్లి చూపించి అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో నొప్పి బిళ్ల కొనేరు, ఇప్పుడది కిడ్నీలకి అస్సలు మంచిది కాదు.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకి చిటికెడు వేసి కాదు, 24 గంటలు దాటితే పారబొయ్యండి. బీపీ ఉంది కాబట్టి రోజుకి ఎంత తాగొచ్చో డాక్టర్నే అడగండి, అందులో ఉప్పు ఉంటుంది కదా. షాపుల్లో దొరికే తియ్యటి డబ్బా డ్రింకులు ఓఆర్ఎస్ కాదు, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లతరబడి దీనిమీద పోరాడారు, చివరికి 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటికి ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకోవద్దంది. పల్చటి మజ్జిగ, అంబలి ఇవ్వండి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు గానీ దానివల్ల ఎండ ఆగదు.

మీది రేకుల ఇల్లయితే మధ్యాహ్నం ఆయన్ని అందులో పడుకోబెట్టొద్దు, చెట్టు కిందో పక్కింటి డాబాలోనో ఉంచండి. 40 డిగ్రీలు దాటాక ఉత్త ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది, తడి తువ్వాలుతో ఒళ్లు తుడుస్తూ ఉండండి.

మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, పొద్దుట్నుంచి మధ్యాహ్నందాకా అసలు రాకపోయినా వెంటనే ఆస్పత్రికి. మళ్లీ మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఒంటిమీద నీళ్లు పొయ్యండి, స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో మాత్రం పొయ్యొద్దు.