ఎదురు డబ్బిచ్చి వెళ్లకు తమ్ముడూ

తమ్ముడూ, దుబాయ్‌లో స్టీల్ ఫిక్సర్ (కట్టడాల్లో ఇనుప చువ్వలు కట్టే పని) వీసాకి గుణుపురం ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడని రాశావు. ఎండ ఎలా ఉంటుంది, మన తిండి దొరుకుతుందా అని నాలుగు ప్రశ్నలు వేశావు. ఎండ అలవాటవుతుంది, చింతపండు కూడా దొరుకుతుంది. వడ్డీ సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేశావు.

నేను 2007లో వెళ్లాను. 80,000 అప్పు, నెలకు నూటికి ఐదు రూపాయల వడ్డీ. ఏజెంటు చెప్పిన జీతం 1,200 దిర్హాములు. దిగాక ఇంకో కాగితం మీద సంతకం పెట్టించారు, అందులో 700. చదవకుండా పెట్టేశాను. పదో తరగతి ఫస్ట్‌క్లాసు మరి! పాస్‌పోర్టు 'భద్రంగా ఉంటుంది' అని క్యాంపు వాళ్లే ఉంచుకున్నారు. అప్పట్లో దిర్హాం పదకొండు రూపాయల చిల్లర. తిండికి పోను ఇంటికి నెలకు 5,000 పంపేవాణ్ణి. మొదటి నెల వడ్డీకే 4,000 పోయింది, అసలులో తగ్గింది వెయ్యి. మొత్తం తీరేసరికి రెండేళ్ల తొమ్మిది నెలలు. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఊళ్లో ఉన్నప్పుడు రాయగడ స్టేషన్లో బలంగీర్ దాదన్ కూలీలను, అంటే ముందే అడ్వాన్సు తీసుకుని వలసపోయేవాళ్లను, చూసేవాణ్ణి. మూటలు, పిల్లలతో ఇటుక బట్టీలకు పోయేవారు. అడ్వాన్సుకి అమ్ముడుపోయారు, చదువులేని వాళ్లు పాపం అనుకునేవాణ్ణి. వాళ్లకి కనీసం అడ్వాన్సు చేతికొచ్చింది. నేను ఎదురు డబ్బిచ్చి మరీ వెళ్లాను. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, నిజమే. నన్ను ఎవరూ కట్టెయ్యలేదు కూడా. అప్పుంది కాబట్టి నేనే కదల్లేదు.

రూల్స్ నువ్వే చూసుకో. ఏజెంటు 30,000, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. పాస్‌పోర్టు లాక్కోవడం అక్కడా తప్పే.

అసలు ఆ ఫీజు కంపెనీయే పెట్టుకోవాలి. 2020లో మలేషియా గ్లవ్స్ కంపెనీ ఒకదాని సరుకుని అమెరికా కస్టమ్స్ ఆపేస్తే, కూలీలు ఏజెంట్లకు కట్టిన డబ్బు ఆ కంపెనీయే తిరిగిచ్చింది. కొనేవాడు కన్నెర్ర చేస్తే గానీ కదల్లేదు చూడు. మా క్యాంపు గురించి అడిగే కొనేవాడు లేడు.

ఇప్పుడు నా కింద నలభై మంది పనిచేస్తున్నారు, రాయగడలో డాబా కట్టాను. నేను నెగ్గుకొచ్చానని నువ్వూ వస్తావనుకోకు, నాకు ఓవర్‌టైం కలిసొచ్చింది. అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టే ముందు ఆఫర్ లెటర్ ఫోటో తీసి పంపు. పక్కనే నెలకెంత వడ్డీ పడుతుందో నీ చేత్తో రాసి పెట్టు.