పాఠకుల ప్రశ్నలు: ముందే తీసిన దృశ్యమే తలరాత

ప్రశ్న (ఒక పాఠకురాలు): మిత్రులతో కలిసి ఈమధ్య ఒక చిన్న జపనీస్ సూపర్‌హీరో సినిమా చూశాను. చెల్లెలు చనిపోయే రోజుకు హీరో మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఆమెను కాపాడాలని ప్రయత్నిస్తాడు. అతని వేషానికి వీపు మీద జిప్పు కనబడుతూనే ఉంది. అదే గోదాము, అదే మెట్ల దారి నాలుగుసార్లు వచ్చాయి. మావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం నాలుగోసారి ఆ మెట్లు కనబడగానే గొంతు పట్టుకున్నట్టయింది. ఇంత చవకగా తీసిన సినిమా నన్ను ఎందుకు అంతగా కదిలించింది?

జవాబు: మీ మిత్రులను నవ్వించినవీ మిమ్మల్ని కదిలించినవీ ఆ మెట్లే. చేతిలో డబ్బు లేని నిర్మాత ఒకే మెట్ల దారిని నాలుగుసార్లు వాడుకుంటాడు. విధికి చిక్కిన మనిషి కూడా ఆ మెట్ల దగ్గరికే నాలుగుసార్లు వస్తాడు. ఈ రెండు అవసరాలూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయినప్పుడు నిర్మాత పేదరికం కథలో కలిసిపోతుంది. ఇంతకు ముందు చూసిన షాటు మళ్ళీ వస్తే అది ఎలా ముగుస్తుందో మనకు తెలుసు. హీరోకు తెలిసినదీ అంతే. జరగబోయేది తెలిసిన మనిషి పడే యాతనను సంభాషణల్లో వివరించే పని లేకుండా, ఆ పాత షాటు మనల్నే తీసుకువెళ్ళి అతని పక్కన నిలబెడుతుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఒక టీవీ ధారావాహికలో ఉంది. 2002 ఫిబ్రవరి నుంచి 2003 జనవరి వరకు 50 భాగాలుగా జపాన్‌లో ప్రసారమైన ‘కామెన్ రైడర్ ర్యూకి’లో, 13 మంది ముసుగు యోధులు అద్దాల లోపలి లోకంలో ఒకరితో ఒకరు పోరాడాలి, ఆఖరికి మిగిలినవాడి కోరిక నెరవేరుతుంది. ఈ పోటీని నడిపించే కన్‌జాకి షిరోకు ఒక్కటే ధ్యేయం. 20వ పుట్టినరోజుతో ఆయువు తీరిపోయే తన చెల్లెలు యూయికి మరో ప్రాణం సంపాదించి పెట్టాలి. తాను అనుకున్నట్టు జరగనప్పుడు అతడు కాలాన్ని వెనక్కి తిప్పించేస్తాడు. 28వ భాగంలో అలా తిప్పినప్పుడు, జరిగినవన్నీ కథానాయకుడు కిదో షింజికి మాత్రం గుర్తుంటాయి. ఈసారైనా ఆపాలని పరుగెత్తుతాడు, అరుస్తాడు, అడ్డుపడతాడు. జరగవలసినవి జరుగుతూనే ఉంటాయి.

ఆ భాగాన్ని చాలావరకు పాత భాగాల దృశ్యాలతోనే అల్లారు. జపాన్ టీవీవాళ్ళు ఇలాంటి దాన్ని ‘సోషూహెన్’ అంటారు. పాత ముక్కలను కుట్టి, ఒక వారం ఖర్చునూ శ్రమనూ తగ్గించుకునే పద్ధతి అది. సాధారణంగా ఇవి విసుగు పుట్టిస్తాయి. ఇక్కడ మాత్రం షింజి ఎంత గింజుకున్నా ఆ దృశ్యాలు మారవు, ఎందుకంటే అవి నెలల క్రితమే తీసి, కత్తిరించి, ప్రసారం చేసినవి. అతని తలరాత ఫుటేజీ రూపంలో అప్పటికే సిద్ధంగా ఉంది. మీరు చూసిన సినిమాలో మెట్ల దారి చేసిన పని కూడా ఇదే.

అన్నట్టు, జిప్పు సంగతి. 1966 నాటి జపాన్ టీవీ హీరో అల్ట్రామాన్ వీపు మీద చేప రెక్కలాంటి గట్టు ఒకటి ఉంటుంది. వేషధారి లోపలికి దూరే జిప్పు దాని కింద దాగి ఉంటుంది. మీ సినిమావాళ్ళకు ఆ గట్టు చేయించే స్తోమత కూడా లేకపోయినట్టుంది.

ప్రశ్న (ఒక పాఠకుడు): పాత దృశ్యాలను ఇలా వాడటం ఆలోచించి చేసే పనా, గతి లేక చేసే పనా?

జవాబు: మొదట గతి లేకే చేశారు. 1971లో, ర్యూకి వరుసకు మొదటిదైన ‘కామెన్ రైడర్’ ప్రసారమవుతున్న తొలి నెలల్లోనే కథానాయక పాత్రధారి ఫుజియోకా హిరోషి షూటింగులో మోటార్‌సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ప్రసారం ఆగదు, హీరో లేడు. అప్పటికే తీసి ఉన్న అతని దృశ్యాలను అతికి, వేరొకరి గొంతుతో సంభాషణలు చెప్పించి కొన్ని భాగాలు నెట్టుకొచ్చారు. ఆ తర్వాత 14వ భాగం నుంచి సాసాకి తకెషి రెండో రైడర్‌గా వచ్చారు. మొదటి రైడర్ మోటార్‌సైకిల్ మీద దూసుకుపోతూ, నడుము పట్టీకి గాలి తగిలించుకుని రూపం మార్చుకునేవాడు. కొత్త నటుడికి మోటార్‌సైకిల్ లైసెన్సు లేదు కనుక నిలబడి చేతులు తిప్పే భంగిమను కల్పించారని ప్రసిద్ధమైన కథనం ఉంది. జపాన్ పిల్లలు అర్ధ శతాబ్దంగా అనుకరిస్తున్న ‘హెన్షిన్’, అంటే రూపం మార్చుకునే భంగిమ అదే. ఇరుకులో పడ్డప్పుడు దొరికిన ఉపాయాలు ఆ తర్వాత శైలిగా స్థిరపడ్డాయి; ర్యూకి 28వ భాగం నాటికి ఆ ఉపాయానికి అర్థం కూడా తోడైంది.

ప్రశ్న (ఒక పాఠకురాలు): జపాన్‌వారు చెప్పే విధి, మనం తలరాత అనుకునేది ఒకటేనా? రాసి పెట్టి ఉన్నదాన్ని మార్చాలనుకోవడమే అహంకారం కాదా?

జవాబు: జపనీస్‌లో ఇందుకు రెండు మాటలు వినబడతాయి. ‘ఉన్‌మెయ్’ అనే మాటలో మొదటి అక్షరానికి మోసుకుపోవడం, కదిలించడం అని అర్థం, రెండోది ప్రాణం. ‘షుకుమెయ్’లో మొదటి అక్షరం బసను సూచిస్తుంది. అంటే ఒకటి మనిషిని మోసుకుపోయేది, మరొకటి అతనిలో ముందే బస చేసి ఉన్నది. షుకుమెయ్ మారదు, ఉన్‌మెయ్‌ని మార్చుకోవచ్చు అనే మాట అక్కడి జనంలో తరచుగా వినిపిస్తుంది. ప్రారబ్ధాన్ని అనుభవించక తప్పదనీ, ఇప్పటి పనుల వల్ల ముందు రాబోయే ఆగామి మాత్రం మన చేతిలో ఉంటుందనీ వింటూ పెరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు, అయితే రెండింటినీ ఒకటే అనడం తొందరపాటవుతుంది.

అహంకారం గురించి మీ అనుమానం సహజమే, కానీ ఈ హీరోల తీరు వేరు. 1958లో టీవీకి వచ్చిన ‘గెక్కో కామెన్’, అంటే వెన్నెల ముసుగు వీరుడు, తెల్లని దుస్తులతో, నల్లకళ్ళద్దాలతో మోటార్‌సైకిల్ మీద తిరిగే అతి సాదా హీరో. అతన్ని సృష్టించిన కవౌచి కోహాన్ ఆ వీరుణ్ణి ధర్మస్వరూపుడు అనలేదు, ధర్మం పక్షాన నిలిచేవాడు అన్నారు. ఆ పేరుకు ప్రేరణ అయిన చంద్రప్రభ బోధిసత్త్వుడు కూడా భైషజ్యగురు బుద్ధుని పక్కన నిలబడే సహాయకుడే. పక్కన నిలబడేవాడు కనుకనే జపనీస్ హీరో విధితో తలపడినప్పుడు పొగరుగా అనిపించడు. అతనికి గెలుస్తానన్న హామీ ఏమీ లేదు.

ప్రశ్న (ఒక పాఠకుడు): ఇలాంటి కథల్లో చివరికి విధి మారాలా, మారకూడదా?

జవాబు: ఏదైనా పరవాలేదు కానీ లెక్క తేలాలి. ర్యూకిలో 49వ భాగంలో, అంటే ఆఖరి భాగానికి ముందే, ఒక చిన్నపిల్లను కాపాడబోయి కథానాయకుడు చనిపోతాడు. అన్న ఇవ్వజూపిన ప్రాణాన్ని యూయి తీసుకోదు. ఆ తర్వాతే కాలం మరోసారి మొదలై, యోధులే లేని లోకం వస్తుంది. అక్కడ మార్పుకు ధర చెల్లించారు. 2002 సెప్టెంబరులో వచ్చిన ప్రత్యేక టీవీ కార్యక్రమంలోనైతే పోరు ఆపాలా, కొనసాగించాలా అని ప్రేక్షకులనే ఓటు అడిగారు. రెండు ముగింపులూ తీసి పెట్టుకున్నారు; జనం పోరు కొనసాగాలన్నారు, ఆ ముగింపే ప్రసారమైంది. విధిని మార్చే అవకాశం చేతికిస్తే మనుషులు ఏం కోరుకుంటారో చూపిన ఆ ఫలితం నాకు ఇప్పటికీ కొంచెం భయం కలిగిస్తుంది.

నేను క్షమించలేనిది మధ్యలో నియమం మార్చడం. మూడుసార్లే వెనక్కి వెళ్ళగలడని చెప్పి నాలుగోసారి పంపితే, ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ ఉన్నా ఆ సినిమా అక్కడితో చచ్చిపోతుంది. జిప్పు కనబడినా నమ్ముతాం.

ప్రశ్న (ఒక పాఠకురాలు): సూపర్‌హీరో లేకుండా ఇదే విషయంతో వచ్చిన చిన్న సినిమా ఒకటి చెప్పండి.

జవాబు: ఇంగ్లీషులో ‘బియాండ్ ది ఇన్ఫినిట్ టూ మినిట్స్’ పేరుతో తిరిగిన 2020 నాటి సినిమా చూడండి. క్యోటోకు చెందిన యూరప్ కికాకు అనే నాటక బృందం తీసింది. దర్శకుడు యమగుచి జుంతా, రచయిత ఉయెదా మకోతో. నిడివి దాదాపు 70 నిమిషాలు. కెఫే పైన ఉన్న యజమాని గదిలోని కంప్యూటర్ తెరలో, రెండు నిమిషాల తర్వాతి అతనే ప్రత్యక్షమై మాట్లాడతాడు. రెండు నిమిషాలు గడిచాక అతడు కిందికి వెళ్ళి, తాను విన్న మాటలనే అప్పటి తనకు చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో అన్న భయంతో అందరూ తెరలో చూసిన దాన్నే నటించడం మొదలుపెడతారు. ఇందులోనూ తెర మీది దృశ్యాన్ని ముందే తీసి ఉంచారు. ఎదురుగా ఉన్న నటులు దానితో క్షణం తేడా లేకుండా మాట కలపాలి. నటుల భయమూ పాత్రల భయమూ ఒకటే కావడం అందులో చూడముచ్చటగా ఉంటుంది. కొసమెరుపు చెప్పను.

ప్రశ్న (ఒక విద్యార్థి): మేము నలుగురం కలిసి ఇలాంటి లఘుచిత్రం తీయాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మళ్ళీ మళ్ళీ వచ్చే సంఘటనను ముందుగా ఒకసారి మొత్తం తీయండి, కెమెరా ఎక్కడ ఉందో నేల మీద గుర్తు పెట్టుకోండి, నీడ ఎటు పడుతోందో, గంట ఎంతైందో రాసుకోండి. చివర మారవలసిన ఆ ఒక్క షాటును అదే చోటి నుంచి, అదే వేళకు తీయండి; కోణం కూడా మారిందంటే ఏది మారిందో ప్రేక్షకుడికి తెలియదు. ముసుగుకు ముఖకవళికలు ఉండవు కనుక వేషం లోపలి నటుడు తల వంచే తీరులోనే దుఃఖం తెలియాలి, దానికి అద్దం ముందు వారం రోజుల సాధన కావాలి. మరొకటి, వేషానికి అదనంగా ఒక జిప్పు దగ్గర ఉంచుకోండి, మొదటిది షూటింగు మధ్యలో తెగుతుంది.