అరుగుదలా, అచ్చు సరిగా పడలేదా?

ప్రశ్న: నేను అమెరికాకు చాలా దూరంలో ఉంటూ ఆ దేశపు పాత మోర్గాన్ వెండి డాలర్లు సేకరిస్తున్నాను. నాణేల ప్రదర్శనలకు వెళ్ళే వీలు లేదు, దగ్గర కూర్చోబెట్టుకుని చూపించేవారూ లేరు. నా దగ్గరున్న 1891 నాటి న్యూ ఆర్లియన్స్ డాలరులో స్వేచ్ఛాదేవి బొమ్మ చెవి పైనున్న జుట్టు చదునుగా ఉండటంతో, అరిగిపోయిందనుకుని పక్కన పెట్టాను. ఒక మిత్రుడు మాత్రం అది చలామణిలోకే రాలేదంటున్నాడు. ఎవరి మాట సరైనది? గ్రేడింగ్, అంటే నాణెం స్థితిని అంచనా కట్టడం, నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ మిత్రుడి మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువగా ఉంది. అయితే ఆ సంగతి తేల్చవలసింది జుట్టు కాదు, నాణెం మీది మెరుపు. న్యూ ఆర్లియన్స్ టంకశాలలో ముద్రించిన డాలర్లలో చాలావాటికి అచ్చు గట్టిగా పడలేదు. వాటిలోనూ 1891 నాటివి ఈ విషయంలో పేరుమోసినవి. బొమ్మ వైపు చెవి పైన జుట్టు, బొరుసు వైపు గద్ద రొమ్ము మీది ఈకలు నాణెం మొత్తంలో ఎత్తైన చోట్లు. నాణెం అరగడం మొదలయ్యేదీ అక్కడే, ఒత్తిడి చాలనప్పుడు లోహం నిండకుండా మిగిలిపోయేదీ అక్కడే. అందువల్ల ఆ రెండు చోట్లు చదునుగా ఉన్నాయన్న ఒక్క కారణంతో గ్రేడు తగ్గించడం కొత్తవారందరూ చేసే పొరపాటు. నేను కూడా మొదటి రెండేళ్ళు అదే చేశాను.

తేడా తెలుసుకోవాలంటే మెరుపు ఎలా పుడుతుందో తెలియాలి. అచ్చు దెబ్బకు వెండి మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారుదలకు అచ్చు ముఖం మీద కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడి, నాణేల మీదికి దిగుతాయి. నాణేన్ని ఒకే బల్బు ఉన్న దీపం కింద మెల్లగా వంచి తిప్పితే, ఆ గీతల మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. ట్యూబ్‌లైటు కింద ఇది సరిగా కనిపించదు కాబట్టి గదిలో మిగతా దీపాలు ఆర్పి చూడండి. తిరిగే వెలుగు చదునైన జుట్టు మీదుగా కూడా తెగకుండా సాగిపోతే అది అచ్చు లోపం. అక్కడికి రాగానే ఆగిపోయి ఆ చోటు మాత్రం బూడిదరంగులో మసకగా కనిపిస్తే అది అరుగుదల. అచ్చు సరిగా పడని చోట, ముద్ర వేయకముందు వెండి బిళ్ళ మీద ఉన్న గరుకుదనం కూడా ఒక్కోసారి మిగిలి ఉంటుంది. ఐదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో దాన్ని గుర్తుపట్టవచ్చు.

ఇక అంకెల సంగతి. విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు కొలమానం తయారుచేశారు. తరువాత అది వెండి నాణేలకూ వచ్చింది. అరగని నాణేలకు 60 నుంచి 70 వరకు ఎంఎస్ (మింట్ స్టేట్) గ్రేడ్లు, లేశమాత్రం అరిగినవాటికి 50 నుంచి 58 వరకు ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్) గ్రేడ్లు ఇస్తారు. ఏయూ 58 నాణెం చాలాసార్లు ఎంఎస్ 60 కంటే అందంగా ఉంటుంది, ఎందుకంటే 60, 61 గ్రేడ్ల నాణేలు అరగకపోయినా నొక్కులతో నిండి ఉంటాయి. ఈ డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డసంచుల్లో పోసి ఖజానాల్లో దాచేవారు. ఒకదానికొకటి తగిలి పడిన ఆ నొక్కులు స్వేచ్ఛాదేవి చెంప మీద పడితే దాచలేనివి, జుట్టు మడతల్లో పడితే కనిపించనివి. అందుకే ఎంఎస్ గ్రేడు తేల్చేటప్పుడు నేను ముందు చెంపనే చూస్తాను.

58కీ 60కీ మధ్య గీత ఎంత పదునైనదో చెప్పడానికి 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన డాలరు చాలు. 32 లక్షల నాణేలు తయారయ్యాయి, అరిగినవి సులువుగానే దొరుకుతాయి. కానీ దాదాపు అన్నీ చలామణిలోకి వెళ్ళిపోవడంతో అరగనివి అత్యంత అరుదు. ధర ఆ కొద్దిపాటి అరుగుదల దగ్గరే ఎన్నో రెట్లు మారిపోతుంది. ఇలాంటి నాణెంతో మాత్రం ఎన్నడూ నేర్చుకోవడం మొదలుపెట్టకండి.

అదే టంకశాలలో 1881లో వేసిన డాలర్లతో మొదలుపెట్టండి. కోటీ 27 లక్షలకు పైగా ముద్రించారు, మంచి స్థితిలో చాలా మిగిలాయి, అచ్చు గట్టిగా పడింది, మెరుపూ నిండుగా ఉంటుంది. నాణేలకు గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థలైన పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో బిగించినవి ఎంఎస్ 62, 63, 64 గ్రేడ్లలో ఒక్కొక్కటి కొనండి. పెట్టె మీద గ్రేడు రాసి ఉన్న చీటీకి కాగితం అంటించి, వారానికొకసారి మూడింటినీ కలిపి, మీ గ్రేడు రాసుకున్నాకే కాగితం తీయండి. తప్పిన ప్రతిసారీ ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాసుకోండి. పీసీజీఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్న ఫొటోగ్రేడ్ బొమ్మలు, అంటే ఒక్కో గ్రేడు నాణెం ఎలా ఉంటుందో చూపే ఫొటోలు, అరిగిన నాణేల విషయంలో బాగా ఉపయోగపడతాయి, మెరుపు విషయంలో మాత్రం అవి చాలవు. కదలని బొమ్మలో తిరిగే వెలుగు కనిపించదు కదా.

ప్రశ్న: ఫొటోలు చూసి విదేశాల నుంచి కొనక తప్పని నాలాంటివారు దేని మీద నమ్మకం పెట్టుకోవాలి?

జవాబు: ఒక్క ఫొటో మీద పెట్టుకోకండి. నాణేన్ని దీపం కింద వంచి తిప్పుతూ తీసిన చిన్న వీడియో అడగండి. అడిగినా పంపనివారి దగ్గర పెట్టెలో లేని నాణేన్ని కొనకపోవడమే నా పద్ధతి. తుడిచిన నాణెం మీద సన్నగీతలు ఒకే దిక్కుగా, గుంపుగా సాగుతాయి, సంచిలో పడిన దెబ్బలు ఏ దిక్కుకైనా ఉంటాయి. తిన్నగా పైనుంచి వెలుగు వేసి తీసిన ఫొటోలో తుడుపు గీతలు దాదాపు మాయమైపోతాయి. పెట్టెలో ఉన్న నాణెమైతే చీటీ మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడ ఫొటో ఉంటే నొక్కులను ఒక్కొక్కటిగా సరిపోల్చండి. పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి కాబట్టి సంఖ్య సరిపోయినంత మాత్రాన సరిపోదు.

విడి నాణెం చేతికి రాగానే తూచండి. మోర్గాన్ డాలరు బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, తొమ్మిది పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. బాగా అరిగినవి కొంచెం తక్కువ తూగుతాయి. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీయే. అంటుకోనంత మాత్రాన అసలుదని నమ్మకూడదు. పరీక్షకు అమెరికా పంపాలనుకుంటే రుసుము, రానూ పోనూ బీమాతో కూడిన రవాణా ఖర్చు, మీ దేశపు కస్టమ్స్ నిబంధనలు ముందు చూసుకోండి. సాధారణ సంవత్సరపు నాణేనికి ఆ ఖర్చు నాణెం విలువనే మించిపోవచ్చు.

ప్రశ్న: నల్లబడిన డాలరును ద్రావకంలో ముంచితే తెల్లగా మెరుస్తుందంటున్నారు. గ్రేడు పెరుగుతుందా?

జవాబు: దయచేసి ముంచకండి. థయోయూరియా కలిసిన ఆ ద్రావకాలు నలుపుతో పాటు వెండి పైపొరను కూడా కొద్దికొద్దిగా తీసేస్తాయి, పైన చెప్పిన పారుదల గీతలు పోతాయి, తెల్లదనం మిగిలినా వెలుగు తిరగదు. పోయిన మెరుపును తిరిగి తెప్పించే ఉపాయం లేదు. మెత్తని ప్లాస్టిక్ కవర్లలోని పీవీసీ వల్ల పచ్చని జిగురు పట్టి ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు: గాలి ఆడే చోట, మంటకు దూరంగా, గాజుగిన్నెలో స్వచ్ఛమైన ఎసిటోన్ పోసి నాణేన్ని కాసేపు ఉంచి, కొత్త ఎసిటోన్‌తో మరోసారి కడిగి, రుద్దకుండా ఆరనివ్వండి. అంచులు పట్టుకునే ఎత్తండి. ఆరిన తరువాత పీవీసీ లేని కవరులో పెట్టండి; ఆ నలుపును మాత్రం ఉన్నది ఉన్నట్టే వదిలేయండి.