సొంత వేగంతో ఆన్‌లైన్‌లో మ్యాథ్స్ కోర్సు చేస్తే క్రెడిట్ ఇస్తారా?

అమెరికాలో ఎమ్మెస్ చేరడానికి లీనియర్ ఆల్జీబ్రా (మాత్రికలు, వెక్టర్ల గణితం) కావాలన్నారు, ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో చేయొచ్చా అని మీ ప్రశ్న. నిశ్చింతగా చేయొచ్చు. అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీ నెట్‌మ్యాత్ పేరుతో ఇలాంటి కోర్సులు నడుపుతోంది. నార్త్ డకోటా యూనివర్సిటీలోనైతే ఎప్పుడైనా చేరి 3 నుంచి 9 నెలల్లో పూర్తిచేయొచ్చు. రెండు చోట్లా గ్రేడు యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి, అంటే అధికారిక మార్కుల రికార్డులోకి, ఎక్కుతుంది. మీకు కావలసింది అదే. వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను చాలా కాలేజీలు క్రెడిట్‌గా లెక్కపెట్టవు.

పాఠాలు మీ వీలును బట్టి చదువుకోవచ్చు కానీ పరీక్షలు మాత్రం నిఘాలోనే రాయాలి. రోజూ గంటైనా కూర్చోకపోతే, ఐజెన్‌వాల్యూల (మాత్రికలకు సంబంధించిన ఒక పాఠం) దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది.

ఇంకొకటి, దయచేసి మర్చిపోకండి: ఫీజు కట్టకముందే కోర్సు నంబరు, సిలబస్ మీరు చేరబోయే డిపార్ట్‌మెంటుకు పంపి, ఒప్పుకుంటామని ఈమెయిల్‌లో రాయించుకోండి.