డార్విన్ ఉపన్యాసాలకు వెళ్తే నీట్ పాడవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. నీట్ కోచింగ్ కూడా తీసుకుంటోంది. ఆదివారం సాయంత్రాలు పరిణామ సిద్ధాంతం చరిత్ర, వివాదాల మీద ఊళ్ళో జరిగే ఉపన్యాసాలకు వెళ్తోంది. ఇప్పుడు ఎంబీబీఎస్ వద్దు, ఇదే చదువుతానంటోంది. మాన్పించమంటారా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మాన్పించకండమ్మా. వారానికి ఒక సాయంత్రంతో నీట్ పాడవదు. జీవ పరిణామం ఎలాగూ ఆమె సిలబస్‌లోనే ఉంది.

వివాదాలంటే దేవుడు, కోతి గొడవేనని మీరు అనుకుంటుండవచ్చు. అసలైన వాదనలు శాస్త్రం లోపలే నడిచాయి. మేలైన లక్షణాలున్న జీవులే ఎక్కువగా నిలుస్తాయి, అలా జీవజాతులు తరతరాలుగా మారుతూ వస్తాయి అని చెప్పే డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజినీరు ఒక గట్టి ప్రశ్న వేశాడు. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్ళలా కలిసిపోతాయని అప్పట్లో నమ్మేవారు. అదే నిజమైతే, ఒక జీవికి కొత్తగా వచ్చిన మేలైన లక్షణం తరతరానికీ పలచబడి మాయమవ్వాలి కదా అన్నాడు. డార్విన్ దగ్గర సరైన సమాధానం లేదు. లక్షణాలు పలచబడవని చూపే మెండెల్ బఠానీ ప్రయోగాల వ్యాసం అంతకు ముందే, 1866లో అచ్చయింది. 1900 దాకా దాన్ని పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు. ఆ తర్వాత కూడా మెండెల్ వర్గానికీ డార్విన్ వర్గానికీ పడలేదు. ఫిషర్, హాల్డేన్, రైట్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి ఆ రెండు వర్గాల ఆలోచనలనూ కలిపారు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డారు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక భవిష్యత్తు. విజ్ఞానశాస్త్ర చరిత్ర ఒక్కదాన్నే నమ్ముకుంటే మన దేశంలో ఉద్యోగాలు చాలా తక్కువ. ఆ దారి నేను చెప్పను. పరిణామ జీవశాస్త్రంలో పరిశోధన వేరు. తిరుపతితో సహా ఐసర్‌లలో (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థలు) అయిదేళ్ళ బీఎస్-ఎంఎస్ కోర్సు ఉంది, దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. లేదా డిగ్రీ చేసి ఆంధ్ర యూనివర్సిటీలో జువాలజీ, హ్యూమన్ జెనెటిక్స్, ఆంత్రొపాలజీల్లో ఏదైనా పీజీ చేయవచ్చు. పీజీ తర్వాత రాసే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదట్లో నెలకు 37,000 రూపాయలు వస్తాయి. బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్ఆర్, ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థల్లో ఈ రంగంలో మంచి పని జరుగుతోంది. దారి పొడుగైనది, స్థిరపడేసరికి ముప్పై దాటుతుంది. ఆ మాట ఇంట్లో ఇప్పుడే అనుకోండి.

నాకున్న బెంగల్లా గణితం గురించే. ఐఏటీలో గణితం ప్రశ్నలూ ఉంటాయి, పైగా ఈ శాస్త్రమే లెక్కల మీద నిలబడింది. బైపీసీ అమ్మాయి గనుక ఇప్పటి నుంచే రోజూ ఒక గంట ప్రాబబిలిటీ, బీజగణితం చేయించండి. ప్రతి ఉపన్యాసం తర్వాత అర పేజీ రాయమనండి: ఆరోజు విన్న అభ్యంతరం ఏమిటి, దానికి ఏ ఆధారం జవాబిచ్చింది అని. నాలుగైదు వారాలు తనంతట తానే రాస్తే ఇష్టం నిజమైనదే. నీట్, ఐఏటీ రెండూ రాయనివ్వండి. ర్యాంకులు వచ్చాక ముగ్గురూ కూర్చుని తేల్చుకోవచ్చు.