గుండె దడ తగ్గితే రక్తం పలచబరిచే మాత్ర మానేయొచ్చా? మా నాన్న విషయంలో జరిగింది చెబుతాను

మీరు రెండు విషయాలు అడిగారు. 66 ఏళ్ల మీ అమ్మగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) అని తేలి మూడు నెలలైంది, ఇప్పుడు దడ లేదు, ఇసిజి బాగుంది, ఇక రక్తం పలచబరిచే మాత్ర ఆపేయొచ్చా అని ఒకటి. గుండె జబ్బుకి థైరాయిడ్ టెస్టు ఎందుకు రాశారని రెండోది. నేను డాక్టర్ని కాను. చెన్నై పెరంబూరులో మా నాన్నకి ఈ మందులన్నీ ఇప్పుడు రోజూ చేతికందించేది నేనే. ఆ అనుభవంతో చెబుతున్నాను: డాక్టరు ఆపమంటే తప్ప మాత్ర ఆపకండి.

నాన్నకి ఇది 2022 జనవరిలో బయటపడింది. కూరగాయల సంచీతో రెండంతస్తులు ఎక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. చెయ్యి పట్టుకుని చూస్తే నాడి ఒక వరసలో లేదు. రెండు గబగబా కొట్టుకోవడం, ఒకటి ఆగి ఆగి రావడం, మళ్లీ మూడు కలిసిపోవడం. ఆసుపత్రిలో మెటోప్రొలాల్, అమియోడరోన్, రక్తం పలచబరిచే దాబిగాట్రాన్ రాశారు. రెండు నెలలకి ఇసిజి మామూలుగా వచ్చింది. గండం గడిచిందనుకున్నాం.

దాబిగాట్రాన్ వేసుకుంటే నాన్నకి కడుపులో మంటగా ఉండేదట. ఆ మందుతో చాలామందికి వచ్చే ఇబ్బందే అది. భోజనంతో పాటు, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే కొందరికి తగ్గుతుంది. తగ్గకపోతే వేరే మందుకి మార్చే వీలూ ఉంది. కానీ నాన్న ఎవరికీ చెప్పలేదు. దడ ఎలాగూ లేదు కదా, ఈ మంట ఎందుకు భరించాలని అదొక్కటే మానేశారు. మిగతా రెండూ తప్పకుండా వేసుకునేవారు.

మే నెలలో ఒక ఉదయం కాఫీ తాగుతుంటే గ్లాసు ఎడమ చేతిలోంచి జారిపోయింది. ఏమైంది నాన్నా అంటే మాట ముద్దముద్దగా వచ్చింది, పెదవి ఒక పక్కకి లాగేసింది. వెంటనే 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రి చేరేలోపే మాట, చెయ్యి సర్దుకున్నాయి. మినీ స్ట్రోక్ (కాసేపట్లో సర్దుకునే పక్షవాతం) అన్నారు. ఆ రాత్రి మందుల డబ్బా తెరిస్తే దాబిగాట్రాన్ స్ట్రిప్పులు ఆరు, ఒక్క గుంటా చిరగకుండా ఉన్నాయి. అవి చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మర్నాడు డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. ఈ జబ్బులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. ఎడమ పై గదికి చిన్న సంచీలాంటి భాగం ఉంటుంది. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది, అది కదిలి మెదడుకి వెళితే పక్షవాతం. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అమియోడరోన్ లయని నిలబెడుతుంది. ఆ రెండూ గడ్డ కట్టడాన్ని ఆపవు. పైగా ఈ జబ్బు మనకి తెలియకుండానే వచ్చి పోతుంటుంది, ఇసిజి తీసిన ఆ కొద్ది క్షణాలు బాగున్నంత మాత్రాన రోజంతా బాగున్నట్టు కాదు. అందుకే వయసు, బీపీ, షుగరు, గతంలో పక్షవాతం వచ్చిందా లాంటివి చూసి రక్తం పలచబరిచే మందు ఎవరికి అవసరమో తేలుస్తారు. ఆస్పిరిన్ వేసుకుంటే సరిపోతుందని మా బంధువులూ అన్నారు. సరిపోదు.

నాన్నకి మందు ఎపిక్సబాన్‌కి మార్చారు, అదీ రక్తం పలచబరిచేదే, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ఒక పూట మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, రెండు కలిపి మింగకూడదు. మీ అమ్మగారు వేసుకునే రక్తం పలచబరిచే మందు రివరోక్సబాన్ అయితే తిండితో పాటే వేయండి. దాబిగాట్రాన్ అయితే వేసుకునేముందే స్ట్రిప్పులోంచి తీయండి, క్యాప్సూల్ విప్పకండి. తేమ తగిలితే అది పాడవుతుంది. మొదట్లో నేను తెలియక వారానికి సరిపడా తీసి డబ్బా అరల్లో సర్దిపెట్టేదాన్ని, మా చెన్నై గాలిలో తేమ సంగతి తెలిసిందే.

అమ్మగారికి ఎకోలో (గుండె స్కానింగ్) మైట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమ గదుల మధ్య ఉండే కవాటం, బాగా ఇరుకైందని ఉన్నా, లోహపు వాల్వు వేసి ఉన్నా లెక్క వేరు. వాళ్లకి రక్తం పలచబరిచే వేరే మందులు, వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ ఇస్తారు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తూ ఉండాలి. అప్పుడు ఆకుకూరలు పూర్తిగా మానేయమంటారు కొందరు. మానక్కర్లేదు. తోటకూర, పాలకూర ఒక వారం రోజూ, ఇంకో వారం అసలు లేకుండా కాకుండా ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు.

నొప్పి మాత్రలతో మాత్రం చాలా జాగ్రత్త, రక్తం పలచబరిచే మందుతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. మోకాళ్ల నొప్పులని నాన్న ఒక మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాక్ ఇచ్చారు, ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. నాలుగో రోజు పళ్లు తోముకుంటుంటే సింకులో నురగంతా ఎర్రగా ఉంది. అప్పటి నుంచి నొప్పికి పారాసెటమాల్ తప్ప ఇంకేదైనా డాక్టరుని అడిగాకే. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక థైరాయిడ్ టెస్టు. అమ్మగారికీ అమియోడరోన్ ఇస్తుంటే అది దానివల్ల కావచ్చు. 200 మి.గ్రా. మాత్రలో సుమారు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది. మనకి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములే. మాత్రలోది అంతా రక్తంలోకి విడుదల కాకపోయినా థైరాయిడ్‌కి అది మోయలేని భారం. నాన్నకి ఎండాకాలంలోనూ చలి వేసేది, ముఖం ఉబ్బింది, రోజంతా నిద్ర. వయసు మీద పడిందనుకున్నాం. టిఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయిస్తే బాగా పెరిగి ఉంది, అంటే థైరాయిడ్ మందగించింది; థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాక మనిషి మళ్లీ మామూలయ్యారు. అందుకే ఆరు నెలలకోసారి టిఎస్‌హెచ్, లివర్ పరీక్షలు తప్పించొద్దు. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వచ్చినా చెప్పాలి, ఈ మందు ఊపిరితిత్తులకీ చెరుపు చేయగలదు. ఎండ పడితే చర్మం మండుతుంది కాబట్టి నాన్న నడక సాయంత్రానికి మార్చాం. ఆపినా నెలల తరబడి ఒంట్లో ఉండిపోయే మందు ఇది.

నాడి నేను మణికట్టు దగ్గర నిమిషం నిండా లెక్కపెట్టి చీటీలో రాస్తాను. వరస తప్పినప్పుడు బీపీ మిషన్ చూపించే అంకెని నమ్మలేం. 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా డాక్టరుకి ఫోన్ చేయమన్నారు. మెటోప్రొలాల్ కూడా ఒక్కసారిగా ఆపకూడదు.

అమ్మగారు ఇప్పటికే మాత్ర మానేసి ఉంటే కోప్పడకుండా అడగండి, మంటో ఖర్చో ఏదో కారణం ఉండే ఉంటుంది. స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టి, ఆ సంగతి ఈ రోజే డాక్టరుకి చెప్పండి.