రసవాదంలో ‘నేను’ కరగడం అంటే ఏమిటి?

పాశ్చాత్య రసవాదంలో (మామూలు లోహాన్ని బంగారంగా మార్చాలని చూసిన పాత విద్య, ఆల్కెమీ) అహం కరగడాన్ని శుద్ధి అని ఎందుకంటారు అని అడిగారు. 1550లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన ‘రోజారియం ఫిలాసఫోరం’ అనే రసవాద గ్రంథంలోని బొమ్మలు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. రాజు, రాణి ఒకే నీటిలోకి దిగి, ఏకమై, ఒకే శరీరంగా చనిపోతారు, ఆత్మ పైకి వెళ్లిపోతుంది, తర్వాత మబ్బులోంచి మంచుబిందువులు కురిసి ఆ శవాన్ని కడుగుతుంది, అప్పుడే ఆత్మ తిరిగొస్తుంది. కుళ్లి నల్లబడే దశ నిగ్రెడో, కడిగాక తెల్లబడేది ఆల్బెడో. లోహం కరిగితేనే మలినం విడుతుంది కదా, అదే లెక్క. దీన్ని ‘అహం’ అనే మనస్తత్వ భాషలో చదవడం మాత్రం తర్వాతి కాలంలోది, 1946లో మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ ఈ బొమ్మలతోనే ఆ పని చేశాడు. ఒక్కటి గట్టిగా చెప్పాలి: రసవాదుల సూత్రం ‘కరిగించు, గడ్డకట్టించు’, చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు.